పిట్టల దొర, మైకు పట్టిన మనిషి

పిట్టల దొర బజారులోకి వచ్చాడంటే ముందుగా పిల్లలకు తెలుస్తుంది. వెలిసిపోయిన ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. దుకాణం ముందు నిలబడి సెల్యూట్ కొట్టి కోతలు మొదలుపెడతాడు. తనకున్న భూములు, బంగళాలు, పెద్ద ఆఫీసర్లతో చుట్టరికాలు. వాక్యం మొదటి సగంలో మేడ కడతాడు, రెండో సగంలో దాన్ని తానే కూలుస్తాడు. తుపాకి రాముడన్నా, లత్కోరు సాబ్ అన్నా ఆయనే. పక్కన వంత లేకుండా, ఒక్కడే నిలబడి, మాటతోనే నవ్వించి పొట్టపోసుకున్న కళాకారుడు. హైదరాబాద్‌లో ఇవాళ టికెట్టు కొని చూస్తున్న స్టాండప్ కామెడీకి ఈ నేల మీద పెద్దన్న వరస ఎవరంటే నేను ఈయన పేరే చెప్తాను.

గోదావరిఖని, రామగుండం వాళ్లకు ఈ పోలిక తొందరగా అందుతుంది. షిఫ్టు దిగి ఒళ్లంతా బొగ్గు మసితో ఇంటికి పోయే మనిషిని మాటతో ఆపడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు. బాయి గేటు దగ్గర మీటింగు పెట్టే యూనియన్ నాయకుడికి మరీ బాగా తెలుసు. మస్టరు వేళ దగ్గరపడితే ఎంత గొప్ప ఉపన్యాసమైనా సగంలో ఆగాల్సిందే. మాట బాగుంటే నాలుగు నిమిషాలు ఎక్కువ నిలబడతారు, లేకపోతే సైకిల్ ఎక్కుతారు. పిట్టల దొరకూ అంతే. నవ్వినవాడు చిల్లర వేస్తాడు, నవ్వనివాడు ముందుకు పొమ్మంటాడు. తీర్పు అక్కడికక్కడే అయిపోతుంది.

అయితే తీర్పు వేరు, విమర్శ వేరు. పది రూపాయలిచ్చిన దుకాణదారు ఎందుకిచ్చాడో చెప్పడు. ఆ ఎందుకు అన్నదాన్ని పట్టుకునేవాడే విమర్శకుడు.

పిట్టల దొరను, స్టాండప్ కళాకారుడిని పక్కపక్కన నిలబెట్టి చూడండి. పిట్టల దొర చెప్పేది అబద్ధమని ఆయనకు తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ ఒప్పందం మీదనే ఆట నడుస్తుంది. ఆ ఖాకీ, ఆ తుపాకి, ఆ దర్పం ఎవరివో చూసేవాడు ఇట్టే పోల్చుకుంటాడు. ఊరి దొరను దొర అని పిలవకుండానే బజారున పెట్టిన వేషమది అని నా నమ్మకం. స్టాండప్ కళాకారుడి ఒప్పందం దీనికి తలకిందులు. ఆయన వేషం వేసుకోడు. మా నాన్న, మా కాలేజీ, నా పెళ్లిచూపులు, నా ఉద్యోగం అంటాడు. అది నిజంగా జరిగిందనే నమ్మి మనం నవ్వుతాం. రాత్రి చెప్పిందే మర్నాడూ చెప్తాడు, కానీ అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్తాడు. పిట్టల దొర మాత్రం కంఠస్థం చేసిన సంగతి దాచుకోడు. ఆ జోరే ఆయన అందం. అందుకే ఒకరిని కొలిచిన కొలతతో మరొకరిని కొలవకూడదు. పిట్టల దొరను అడగాల్సింది అబద్ధం ఎంత ఎత్తుకు పోయిందని. మైకు పట్టిన మనిషిని అడగాల్సింది ఆ 'నేను'లో నిజం ఎంత ఉందని, ఆ నిజం కోసం తనను తాను ఎంత తవ్వుకున్నాడని.

ఈ ప్రశ్నలు ఎవరడిగారు? పిట్టల దొర గురించి జానపద పరిశోధకులు రాశారు. నటుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు'లో ఆయనకు చోటిచ్చారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కానీ పరిశోధనలో కళారూపం కనిపించినంతగా కళాకారుడు కనిపించడు. వేషం ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఆ కోతను అంత బిగువుగా అల్లిన మనిషి పేరు తెలియదు. ఒగ్గు కథ అంటే చుక్క సత్తయ్య, మిద్దె రాములు గుర్తొస్తారు. బుర్రకథ అంటే నాజర్. మరి ఆ బుర్రకథలోనే కథకుడి పక్కన నిలబడి, ఆయన గంభీరంగా చెప్పిన మాటను జనం తరఫున నిలదీసి నవ్వించే హాస్యపు వంతల పేర్లు ఎందరికి గుర్తు? కథలోనే విమర్శకుడికి చోటు పెట్టుకున్న జాతి మనది. ఆ చోట నిలబడ్డవాడినే మరిచిపోయాం.

స్టాండప్ కళాకారుడిది ఎదురు కథ. ఆయనకు పేరుంది, పోస్టరుంది, లక్షల మంది చూసే వీడియోలున్నాయి. విమర్శ లేదు. శుక్రవారం విడుదలైన సినిమాకు సాయంత్రంలోగా నక్షత్రాలు లెక్కపెట్టే తెలుగు పత్రికల్లో ఒక స్టాండప్ ప్రదర్శన కూర్పు గురించి, విరుపు గురించి నాలుగు పేరాలు నేను చదవలేదు. పిట్టల దొరకు పరిశోధకుడు దొరికాడు, పేరు దక్కలేదు. మైకు మనిషికి పేరు దక్కింది, విమర్శకుడు దొరకలేదు.

ఆ ఖాళీలోకి ముందు వచ్చింది టీవీ జడ్జి. 2013లో మొదలైన 'జబర్దస్త్'లో నాగబాబు, రోజా కుర్చీల్లో కూర్చుని నవ్వారు, మార్కులు వేశారు. స్కిట్‌తో పాటు జడ్జి నవ్వు కూడా చూపించే కార్యక్రమం అది. తీర్పు చెప్పేవారి నవ్వే సరుకులో భాగమైనప్పుడు బాగాలేదని చెప్పే దారి మూసుకుపోతుంది. ఎందరో పేదింటి పిల్లలకు అన్నం పెట్టిన వేదిక అది, ఆ మేలును తక్కువ చేయను. కానీ ఆడవేషాల మీద, శరీరాల మీద ఏళ్ల తరబడి పడిన అవే జోకులను లోపలినుంచి ఆపమన్న గొంతు నాకు వినిపించలేదు.

రెండోది పిడికిలి. ఒక వృత్తి కులం వారిని నొప్పించిన స్కిట్ చేశాడని 2014లో జబర్దస్త్ వేణు మీద హైదరాబాద్‌లో దాడి చేశారు. నొచ్చుకున్నవారి బాధ నిజమైనదే కావచ్చు. దాన్ని మాటగా మార్చే విమర్శ మన దగ్గర లేకపోవడం వల్ల అది దెబ్బగా మారింది. పిడికిలి పక్కనే పోలీసు కేసూ ఉంది. స్టాండప్ కళాకారుడు మునావర్ ఫారూఖీ 2021 జనవరిలో ఇండోర్‌లో అరెస్టయి నెలకు పైగా జైల్లో ఉన్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో ఆయన ప్రదర్శన పోలీసుల కాపలా మధ్య జరిగింది. న్యూయార్క్‌లో 1964లో స్టాండప్ కళాకారుడు లెన్నీ బ్రూస్ మీద అశ్లీలత కేసు నడిచినప్పుడు, ఒక ఇన్‌స్పెక్టర్ తాను రాసుకున్న కాగితాలు చూసి ఆయన జోకులను కోర్టులో అప్పజెప్పాడు. తన మాటలను మరొకరు చెడగొట్టి చెప్తే దానికి శిక్ష తనకా అని బ్రూస్ వాపోయాడు. అదే కోర్టులో కొందరు విమర్శకులు సాక్షులుగా నిలబడి, ఆ మాటలకు ముందూ వెనకా ఏముందో, అవి దేన్ని గురి చూశాయో వివరించారు. అయినా శిక్ష పడింది. రెండేళ్లకు ఆయన చనిపోయాడు, క్షమాభిక్ష 2003లో వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కూ విమర్శకుడికీ మధ్య తేడా ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు. ఒకరు మాటను ఏరుకున్నారు, ఇంకొకరు మాటను దాని చోటులో ఉంచి చదివారు.

ఆ చదవడం ఎలాగో మా బొగ్గుబాయి సర్దారును చూసి నేర్చుకోవచ్చు. భూగర్భంలో పని మొదలయ్యే ముందు ఆయన పైకప్పును కర్రతో తట్టి చెవి పెడతాడు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిన బండ డొల్లగా మోగుతుంది. డొల్ల అనిపిస్తే ఆయన బండను తిట్టడు. ఇక్కడ బోల్టు కొట్టాలి, అక్కడ కట్టె నిలబెట్టాలి, ఇది దించెయ్యాలి అని చెప్తాడు, రిపోర్టు పుస్తకంలో రాస్తాడు. ఆ రాతను చూసుకునే తర్వాతి షిఫ్టు పనిలోకి దిగుతుంది. తట్టి చూసే సర్దారు కూడా ఆ కప్పు కిందనే నిలబడి ఉంటాడు. హాస్యం మీద రాసేవాడూ ఆ జనంలోనే కూర్చోవాలి, నవ్వొస్తే నవ్వాలి, ఆ తర్వాత తట్టి చూడాలి.

ఒక్కటి తట్టి చూపిస్తాను. మన యాసతో నవ్వించే జోకును ఉన్నదున్నట్టు వేరే యాసలో చెప్పి చూడండి. కూలిపోతే, అది ఊరివాడి నోటిని చూసి నవ్విన నవ్వు. వీ6 'తీన్మార్ వార్తలు'లో బిత్తిరి సత్తి అడిగిన అమాయకపు ప్రశ్నలు ఈ పరీక్షకు చాలాసార్లు నిలబడతాయి. యాస అక్కడ సొగసు తెచ్చింది, బలం మాత్రం ప్రశ్నలో ఉంది. పిట్టల దొర వారసత్వం ఆయన దగ్గర సూటిగా కనిపిస్తుంది. 2019లో 'తుపాకి రాముడు' సినిమాకు హీరో అయిందీ ఆయనే.

ఈ పరీక్ష నా సొంతం కాదు. తెలుగు సినిమా మన భాషను ఏళ్ల తరబడి రౌడీకి, జోకరుకు వదిలేసిందని తెలంగాణ రచయితలు ఉద్యమ కాలంలో గట్టిగా రాశారు, వేదికలెక్కి అడిగారు. హాస్యం మీద తెలుగులో జరిగిన అసలైన విమర్శ అది. ఫలితం కళ్లముందే ఉంది. 2023 మార్చిలో ఒకే నెలలో 'బలగం', 'దసరా' వచ్చాయి. సింగరేణి బొగ్గు నేపథ్యంలో నడిచే 'దసరా'లోనూ, చావు ఇంటి చుట్టూ తిరిగే 'బలగం'లోనూ నాయకుడి నోట మన మాటే పలికింది. 'బలగం' తీసింది అంతకు తొమ్మిదేళ్ల ముందు దెబ్బలు తిన్న ఆ జబర్దస్త్ వేణే. ఏడిపించే ఆ సినిమాలో స్కిట్ నేర్పిన విరుపు ఎక్కడెక్కడ పనిచేసిందో వివరించిన సమీక్ష కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.

గోదావరిఖనిలో, రామగుండంలో, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో కథలు, పాటలు రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. ఈసారి హాలులో కుర్రవాడు మైకు పట్టుకుంటే చివరిదాకా వినండి, ఏది నిలబడిందో ఏది డొల్లో రాసి అచ్చుకివ్వండి. పిట్టల దొర మీ వాకిట్లోకి వస్తే చిల్లర వేసి పంపేయకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన పేరేమిటో అడిగి రాసుకోండి.