బెల్లంపల్లి సీమలోని గ్రామనామములు: వ్యుత్పత్తి, లేఖనము

గ్రామనామము కంటఁబడినతోడనే విఱిచి యర్థము చెప్పఁబూనుట పండితులలోఁ జాలమందికి వేడుక. బెల్లంపల్లి బెల్లము వండిన పల్లె యనియు, రామగుండము రామకథకు సంబంధించినదనియుఁ జెప్పినచో విచారము ముగిసినదని తలఁతురు. రెండవది విశ్వాసవిషయము, అది యట్లుండనిండు. మొదటిదానికి శబ్దశాస్త్రము సాక్ష్యమిచ్చునా?

బెల్లము మువర్ణకాంతము. ‘బెల్లపుటచ్చు’ వలె ‘బెల్లపుఁబల్లి’ యగుట బాలవ్యాకరణమార్గము. అయితే వ్యవహర్తలు సూత్రము నెదుటఁ బెట్టుకొని యూళ్లకుఁ బేళ్లు పెట్టరు. ‘అంపల్లి’ యను తుది మొదట వస్తునామమున్నను, వ్యక్తినామమున్నను రాఁదగినదే. కావున రూపము బెల్లమును సాధింపదు, బాధింపదు. శాసనమో దానపత్రమో చూపినఁ గాని యీ బెల్లపుమాట ఊహయే.

పాణిని యీ విషయమున మిక్కిలి జాగరూకుఁడు. అష్టాధ్యాయి నాలవ యధ్యాయమున దేశనామములకు నాలుగర్థములు చెప్పెను: అచ్చట నున్నది, నిర్మించినవాఁడు, నివసించువారు, సమీపమున నున్నది. కాని మొదటి యధ్యాయములోనే సంజ్ఞకు లోకవ్యవహారమే ప్రమాణమనియు, అవయవార్థమే ప్రమాణమైనచో అది లేనప్పుడు పేరును లేకపోవలసివచ్చుననియుఁ దెలిపెను. మఱ్ఱి కూలినను మందమఱ్ఱి మందమఱ్ఱియే కదా! నాలవ యధ్యాయమును వల్లించువారు మొదటిదానిని మఱచుట వింత.

ఇంతకంటెఁ జిక్కు గోండులు, కొలాములు నివసించు తిర్యాణి, ఆసిఫాబాదు సీమలలోఁ గలదు. తెలుఁగున ‘ఏఱు’ నది; గోండీలో ‘ఏర్’ నీరు. గోండీలో ‘నార్’ అనఁగా ఊరు. కావున నార్నూరు ‘ఊరూరు’ అని చెప్పఁబుద్ధి పుట్టును. ఊహ ముచ్చటైనదే. అయినను గోండీ తెలిసిన వృద్ధుల యుచ్చారణము వినక నిర్ణయించుట సాహసము.

లేఖనమువలని నష్టము వేఱొకటి. 1948 వఱకు నిజాము ప్రభుత్వపు దస్తరములు ఉర్దూలో నడచినవి. ఆ లిపిలో ళకార ణకారములకు వేఱు గుర్తులు లేవు. హ్రస్వస్వరములు సాధారణముగా వ్రాయఁబడవు. ఆంగ్లలిపి వచ్చి లళలను, రఱలను మఱలఁ గలిపివేసినది. అట్టి పత్రములనుండి తెలుఁగులోనికిఁ దిరిగి వచ్చిన పేరు చెవికిఁ దెలుఁగే. కాని యే యక్షరము మూలమునకుఁ జెందినదో చెప్పుట కష్టము.

ఐర్లండులో 1824లో ఆరంభమైన భూమాపనమున గేలిక్ పేళ్లకు నిట్టి యవస్థయే కలిగెను. పటములో ‘బాలి’ యని యొక్కటిగాఁ గనఁబడునది కొన్నిచోట్ల నివాసము, కొన్నిచోట్ల ఏటిరేవు మొగ. 1830లో ఆ పనిలోఁ జేరిన జాన్ ఓ డొనొవన్ ఊరూరఁ దిరిగి, గేలిక్ మాటలాడువారి నోట విని, పాతవ్రాతలతోఁ బోల్చి పేళ్లు నమోదు చేసెను. ‘బాలి’కిని మన ‘పల్లి’కిని చుట్టఱికము కలుపువారు గూడ బయలుదేఱవచ్చును, అట్టివారికి ఆ రేవు మొగయే సమాధానము.

గనిసీమలో వ్రాఁత యొకటి, నోరొకటి. గోదావరిఖని యందలి ‘ఖని’ సంస్కృతము. కార్మికుఁడు పోవునది ‘బాయి’కి. బావి యను మాట బొగ్గు తీయు చోటికి వ్యాపించుట చక్కని లక్షణ. నామసంగ్రహకర్తలు దానిని అపభ్రంశమని త్రోయరాదు.

కడప జిల్లా ఊళ్ల పేళ్లపైఁ గేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధనవంటిది ఇచ్చటికిని గావలెను. ఉపరితలపు గనులకై పల్లెలు లేచిపోవునప్పుడు ఊరిపేరు పునరావాసకాలనీకిఁ బోవచ్చును. చెలక, కుంట, వాగు, గట్టుల పేళ్లు పోవు. సర్వేనంబరు వాటిని గాపాడదు. ఉన్నవారు చెదరకమునుపే, పలికినది పలికినట్లు తెలుఁగులిపిలో, పలికినవారి భాషతోఁ గూడ వ్రాసికొనవలెను. అర్థమును తరువాత విచారింపవచ్చును.