రేడియో రూపకము – ధ్వనుల కూర్పు

పాశ్చాత్య విమర్శకులు ధ్వని కూర్పు చరిత్రను 1948తో ఆరంభింతురు. ఆ యేడు పియెర్ షాఫర్ పారిస్‌లోని ఒక స్టేషనులో రైలుబండ్ల చప్పుళ్లను గ్రామఫోను పలకలపై కెక్కించి, వానిని తునుకలు చేసి, మరల మరల త్రిప్పి ఒక కృతిగా కూర్చి రేడియోలో ప్రసారము చేసెను. చిత్రకారుడు వార్తాపత్రిక ముక్కలను పటముపై అంటించుటవంటి పని యిది.

1938 జూన్ 16న ఆరంభమైన మదరాసు కేంద్రమున ఇట్టి ప్రయోగము లేదు. షాఫర్ చప్పుడును దాని పుట్టుకనుండి విడదీసెను. మన రూపకమున ధ్వని కథకు దాసి. ఈ భేదమును మఱచి రెంటిని ఒకటనుట అభిమానమే కాని విమర్శ కాదు. అయినను 1941లో ఆ కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు సంగీత రూపకములందు కూర్పు ప్రధానకళ. 'చండీదాసు' వంటి రూపకమునకు రంగస్థలము లేదు, తెర లేదు. ఒక దృశ్యమునుండి వేఱొక దృశ్యమునకు శ్రోతను దాటించునది రాగము మాఱుటయో, వాద్యము ఆగుటయో. నాటి ప్రసారములు చాలవఱకు ప్రత్యక్షములు. పాట, సంభాషణ, వ్యాఖ్యానము మైకు ముందు ఆ క్షణముననే అతుకవలెను. తప్పిన దిద్దుటకు వీలులేదు.

అట్టి ప్రసారము గాలిలో కలిసినది. పుటపై మిగిలినది సాహిత్యము. కనుకనే రజనిని గేయకర్తగా మెచ్చినంతగా కూర్పరిగా మెచ్చినవారు అరుదు. ప్రసార ప్రతుల అంచులలో వాద్యప్రవేశమును, విరామమును తెలుపు గుర్తు లెచ్చటనైన మిగిలియున్నచో, వానిని గేయములతోపాటు అచ్చువేయవలెను.