స్థలనిర్ణయమున గణితము చెప్పునది, చెప్పజాలనిది

ఆసుపత్రి తమ యూరిలోనే యుండవలెనని ప్రతి గ్రామమును కోరును. చెత్తదిబ్బ పొరుగూరి పొలిమేరలో నుండవలెనని ఆ గ్రామమే కోరును. ఇట్టి తగవులు పూర్వము పెద్దల పంచాయతిలోనో, అధికారి యిచ్ఛవలననో, పలుకుబడి గలవారి బలముచేతనో తీరుచుండెడివి. ఇరువదవ శతాబ్దమున వీనిని తీర్చుటకు గణితశాస్త్రము పూనుకొన్నది. లెక్కకు పక్షపాతము లేదు గనుక లెక్క చూపిన చోటే న్యాయమైన చోటని దాని పక్షమువారు వాదింతురు. ఈ వాదమున సత్య మెంత గలదో పరిశీలింపదగి యున్నది.

ఈ శాస్త్రమునకు మూలము చాల పాతది. మూడు బిందువులనుండి కొలిచిన దూరముల మొత్తము కనిష్ఠమగు చోటు ఎచ్చట నుండునని 17వ శతాబ్దమున ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ప్రశ్నించెను. ఇటలీ దేశీయుడైన టారిచెల్లి దానిని సాధించెను. 1909లో జర్మను పండితుడు ఆల్‌ఫ్రెడ్ వేబరు ముడిసరుకు, విపణి, రవాణా వ్యయము మొదలగువానిని బట్టి కర్మాగారమును ఎచ్చట నెలకొల్పవలెనో విచారించెను. 1964లో హకీమీ యను శాస్త్రజ్ఞుడు ఈ విచారమును రహదారుల జాలమునకు అన్వయించి, మొత్తము ప్రయాణమును కనిష్ఠము చేయు స్థానము ఏదో యొక కూడలియందు లభించి తీరునని నిరూపించెను. 1978లో రిచర్డ్ చర్చ్, రాబర్ట్ గార్‌ఫింకెల్ అను నిరువురు, ఎవ్వరును తమ చెంత కోరని వానిని ఎచ్చట నుంచవలెనను ప్రశ్నను చేపట్టిరి. శాస్త్రముగా చూచినచో ఇందు దోష మెన్నుటకు తావు లేదు. దోష మున్నచో దాని వినియోగమున వెదకవలెను.

ఒక చిన్న ఉదాహరణమును గైకొందము. 12 కిలోమీటర్ల తిన్నని బాటపై మూడు గ్రామములు కలవు. బాట మొదట నున్న గ్రామమున 6,000 మంది, నాలుగవ కిలోమీటరునొద్ద నున్న గ్రామమున 3,000 మంది, బాట చివర నున్న గ్రామమున 1,000 మంది నివసింతురు. ప్రజల మొత్తము నడక తగ్గవలె ననినచో ఆసుపత్రి మొదటి గ్రామముననే యుండవలెను. అప్పుడు రెండవ గ్రామమువారి నడక 12,000, మూడవ గ్రామమువారి నడక 12,000, వెరసి 24,000 మనుష్య-కిలోమీటర్లు. ఇంతకంటె తక్కువ మొత్తము బాటపై మరి యెచ్చటను రాదు. ఇప్పుడు చెత్తదిబ్బ మాట. అది ప్రజలకు మొత్తముమీద ఎంత దూరమైన అంత మేలని తలచినచో లెక్క మూడవ గ్రామమును చూపును. అచ్చట దూరముల మొత్తము 96,000.

రెండు లెక్కలును సరియైనవే. ఒక్కొక్కటి విడిగా చూచినచో రెండును న్యాయముగనే తోచును. కాని రెంటిని కలిపి చూడుడు. ఆ వేయిమందికి ఆసుపత్రి 12 కిలోమీటర్ల దూరమున నున్నది. చెత్తదిబ్బ వాకిట నున్నది. ఎవ్వరును వారిపై పగబట్టలేదు, ఎవ్వరును లెక్క తప్పలేదు. వారు కొలదిమంది యగుటయే వారి నేరము. మొత్తమును మాత్రమే చూచు పద్ధతికి సహజమైన లోప మిదియే: ఏ లెక్కకు ఆ లెక్క సరిపోవును గాని, ప్రతి లెక్కలోను ఓడిపోవువారు ఒక్కరే యగుచుందురు.

ప్రశ్నను మార్చినచో సమాధానమును మారును. అందరికంటె దూరమున నున్నవాని నడక తగ్గవలె ననినచో ఆసుపత్రి ఆరవ కిలోమీటరునొద్ద నుండవలెను. చెత్తదిబ్బకు అందరికంటె దగ్గరగా నున్న గ్రామమును వీలైనంత దూరమున నుంచవలె ననినచో అది ఎనిమిదవ కిలోమీటరునొద్ద నుండవలెను. బాట యొక్కటే, ప్రజలు వారే, స్థలములు మాత్రము నాలుగు. ఈ నాలుగింటిలో ఏ ప్రశ్న అడుగవలెనో గణితము చెప్పజాలదు. ఆ ప్రశ్నను ఎన్నుకొన్నవారే నిజమైన నిర్ణేతలు. తరువాతి లెక్క వారి యాజ్ఞను నెరవేర్చు లేఖకుడు మాత్రమే.

ఈ విషయమునకు ఇంగ్లండు దేశము గొప్ప నిదర్శనము చూపినది. లండనునకు మూడవ విమానాశ్రయము స్టాన్‌స్టెడ్‌లో నిర్మింప దలచినప్పుడు ప్రజలు ప్రతిఘటించిరి. అంతట 1968లో న్యాయమూర్తి రాస్కిల్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. సంఘమువారు అనేక స్థలములను వడబోసి తుదకు నాలుగింటిని మిగిల్చి, ప్రతిదాని లాభనష్టములను పౌన్లలో లెక్కించిరి. విమానమెక్కువారి కాలమునకు వెలకట్టిరి. ఉద్యోగకార్యమున పోవువాని గంట విలువ అతని జీతమును బట్టి యుండెను. ధ్వని బాధను ఇండ్ల ధరల పతనముచే కొలిచిరి. ప్రయాణ వ్యయముల ముందు ధ్వని బాధ మిక్కిలి స్వల్పముగా తేలెను. 1971 జనవరిలో సంఘము బకింగ్‌హామ్‌షైర్ లోని కబ్లింగ్‌టన్ గ్రామప్రాంతమును నిర్దేశించెను. ఆ సమీపమున స్ట్యూక్‌లీలోని నార్మను కాలపు దేవాలయమునకు విలువ కట్టుట యెట్లను ప్రశ్న దేశమంతట చర్చకు వచ్చెను. సంఘసభ్యుడును నగరనిర్మాణ శాస్త్రజ్ఞుడు నగు కాలిన్ బుకానన్ తన యసమ్మతిని వేరుగా ప్రకటించెను. మూడు నెలలలోనే ప్రభుత్వము ఆ నిర్ణయమును త్రోసిపుచ్చి, లెక్కలో వ్యయము అన్నిటికంటె అధికమని తేలిన ఫౌల్‌నెస్ సముద్రతీరమును ఎన్నుకొనెను. 1974లో దానిని కూడ విడిచిపెట్టెను. కడకు విస్తరింపబడినది సంఘము మిగిల్చిన నాలుగింటిలో లేని స్టాన్‌స్టెడ్! 1991లో అచ్చటనే నూతన భవనము తెరువబడెను.

రాస్కిల్ సంఘము లెక్కలో శ్రద్ధ చూపలేదని యనరాదు. అంత విపులముగా, అంత బహిరంగముగా లెక్క చూపిన సంఘములు అరుదు. ప్రజలకు మింగుడుపడనిది దాని కూడిక కాదు. ఎక్కువ జీతగాని గంటను ఎక్కువ తూకము వేసి, ఇల్లు వాకిలి విడువవలసిన వానిని ఇంటి ధరతో సరిపుచ్చిన ఆ త్రాసు వారికి మింగుడుపడలేదు.

ఈ త్రాసునకు భిన్నమైన మార్గమొకటి తెలుగువారి చరిత్రలో కలదు. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొనిరి. రాజధానియు హైకోర్టును ఒకే సీమకు పోరాదనియు, రెంటిలో ఏది కావలెనో రాయలసీమయే ముందుగా కోరుకొనవచ్చుననియు నిశ్చయించిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను. 1954లో గుంటూరున హైకోర్టు వెలసెను. మొత్తము నడకను కనిష్ఠము చేయు గణితజ్ఞుడు ఈ యేర్పాటును మెచ్చకపోవచ్చును. 1956లో ఆ రెండును హైదరాబాదునకు తరలుటచే అది చిరకాలము నిలువను లేదు. అయినను ఆ పెద్దలు గ్రహించిన ధర్మము చిన్నది కాదు: సౌకర్యములను ఒక్కొక్కటిగా కాక కలిపి పంచవలెను, బలహీనపక్షమునకు ముందుగా కోరుకొను హక్కు నొసగవలెను.

అట్లని గణితమును త్రోసివేయుట అవివేకము. పై యుదాహరణమున ఆసుపత్రిని ఆరవ కిలోమీటరునకు జరిపినచో మొత్తము నడక 24,000 నుండి 48,000కు, అనగా రెట్టింపునకు పెరుగును. మూడవ గ్రామముపై చూపు దయకు వెల అంత. ఆ వెల తెలియకుండ దయ చూపుట తగదు. అది చెల్లించుటకు ఇష్టము లేనివారు ఆ మాట లెక్కచాటున దాచుటయు తగదు. గణితమును సాక్షిగా పిలువవలెను గాని న్యాయాధిపతిగా కూర్చుండబెట్టరాదు.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఇది దూరపు విషయము కాదు. అల్పసంఖ్యాకులు పేటకు కొందరుగా చెదరి యున్నచోట తెలుగుబడిగాని, గ్రంథాలయముగాని ఎచ్చట నుండవలెనను ప్రశ్న వచ్చినప్పుడెల్ల మొత్తముల లెక్క వారిని బాట చివర నున్న వేయిమందిగనే చూచును. కావున లెక్క తమ ముందుకు వచ్చినప్పుడు వారు మొదట విచారింపవలసినది కూడిక సరిగా నున్నదా యని కాదు. ఆ లెక్కకు ప్రశ్న నిచ్చినవా రెవరని.