చిప్పులో ఉన్న కనుమ పండగ

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభలకు దణ్ణం పెట్టే చేతులెన్నో, ఫోన్లు పైకెత్తే చేతులూ అన్నే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటే ఘట్టాన్ని కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మనవాళ్లు వీడియోలోనే చూసుకోవాలి. వాట్సాప్‌లో వెళ్లేది స్పష్టత తగ్గిన కాపీ. అసలుది ఫోన్‌లోని చిప్పులోనే, అంటే మెమరీ కార్డులోనే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లోకి దించుకోవడం ఇంటికొకరైనా నేర్చుకోవాలి.

కేబుల్ పెడితే ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుందే తప్ప కంప్యూటర్‌లో ఏమీ కనపడదని చాలామంది అంటారు. ఫోన్ నోటిఫికేషన్లలో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. పాత ఫోన్లలో చిప్పు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకునేది. 2011లో ఆండ్రాయిడ్ 3తో ఎంటీపీ పద్ధతి వచ్చాక కంప్యూటర్ ప్రతి ఫైల్‌నూ ఫోన్‌ని అడిగే తీసుకుంటోంది. ఫొటోలు వందల్లో ఉంటే ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది కూడా. అందుకే నేను ఫోన్ ఆపి, చిప్పు బయటికి తీసి కార్డ్ రీడర్‌లో పెడతాను.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లు, మనం ఒప్పుకుంటే, చిప్పును ఇంటర్నల్ స్టోరేజ్‌లో కలిపేసుకుంటాయి. అలా కలిసిన చిప్పుకు ఫోన్ తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటుంది. రీడర్‌లో పెడితే విండోస్‌కు అది అర్థం కాక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. దయచేసి ఒప్పుకోకండి! చిప్పును మళ్లీ అదే ఫోన్‌లో పెట్టి కేబుల్‌తోనే దించుకోండి. ఈలోపు ఫోన్ రీసెట్ చేశారా, ఆ ఫొటోలు ఇక రావు.

32 జీబీ వరకు ఉన్న చిప్పులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటదు. ప్రభల తీర్థమంతా ఒకే బిగిన తీసిన వీడియో రెండు మూడు ముక్కలుగా కనపడేది అందుకే. ముక్కలన్నీ తీసుకోండి. ‘కట్’ వద్దు, ‘కాపీ’ చేయండి. కంప్యూటర్‌లో తెరిచి, చివరిదాకా ఆడుతోందని చూశాకే చిప్పు ఖాళీ చేయండి.

1996 నవంబరు తుపానులో పెళ్లి ఆల్బమ్‌లు నానిపోయిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లకు రెండో కాపీ తీసుకునే దారి లేదు. మనకుంది. ముఖ్యంగా లంక గ్రామాలవాళ్లు ఒక హార్డ్‌డిస్క్‌లో అన్నీ ఎక్కించి, వరద నీరు చేరని ఊళ్లో ఉన్న ఆడపడుచు ఇంట్లో ఉంచండి. ఏటా సంక్రాంతికి ఆవిడ పుట్టింటికి వచ్చేటప్పుడు తెమ్మంటే, కొత్తవీ అందులోనే చేర్చి పంపొచ్చు.