ఎర్రని తల్లీ, పటమా!

చేర్యాల చిత్రకారుల చేతుల్లో పుట్టినదానా, మా ఊళ్ల వాకిళ్లలో వెలిగినదానా, నకాషీ పటమా! కాజీపేట బండి కూత పెట్టి సాగిపోయాక స్టేషన్ ఘన్‌పూర్ ఎర్రమట్టి మీద పొద్దు వాలుతుంటే నా కంటికి కనబడేది నువ్వే. 2016లో గీసిన కొత్త జిల్లాల గీతలు మమ్మల్ని జనగామ జిల్లాలో ఉంచి నిన్ను సిద్దిపేటకు పంపాయి. పంపితే పంపనీ. పాత వరంగల్ జిల్లా నీ ఎరుపులో ఇంకా చీలలేదు.

బొమ్మను చూడడమంటే ఏమిటో నువ్వే నేర్పావు. ముందు బట్టను చూడమన్నావు. గంజిలో తడిసి, సుద్దలో తెల్లబడి, చింతగింజల అంబలిని, జిగురును పూత మీద పూతగా తాగి, ఎండలో ఆరి, చేయి వేస్తే తొణకని నేలగా మారిన ఖాదీ గుడ్డ అది. ఆ పూత బిగువుగా నిలిచిందా, చుట్ట చుట్టినా విప్పినా పెళుసుగా రాలదా అన్నదే మొదటి పరీక్ష. ఆ తెలుపు మీద ఉడత వెంట్రుకల కుంచె ఒక్క ఊపులో గీత లాగుతుంది. వెనువెంటనే, ఆహా, ఎరుపు! వెనుక నేలంతా ఎరుపు. దూరాన్ని మింగే ఎరుపు, ఆకాశాన్ని చెరిపే ఎరుపు, దేవుణ్ణీ గేదెనూ తాటిచెట్టునూ తెచ్చి ఒకే అరుగు మీద కూర్చోబెట్టే ఎరుపు. లోతు లేదని నిన్ను తక్కువ చేసేవాళ్లున్నారు. లోతు ఎందుకమ్మా నీకు? నీ మనుషులంతా ముందుకు తోసుకొచ్చి, మా మొహాల్లోకి మొహం పెట్టి నిలబడాల్సినవాళ్లు గదా!

ఆ మొహాలు! విష్ణువు నీలం, అమ్మవార్లు పసుపు, రాక్షసులు ముదురు గోధుమ. పేరు రాయనక్కరలేదు, రంగే పేరు చెబుతుంది. పక్కకు తిరిగినా విప్పార్చిన ఆ చేపకన్ను, ఆ బలమైన చేతులు, ఆ నిండు కోకలు, అంచు పొడవునా ఆగని పూలతీగ. నీ గీతలో వణుకు లేదు, నీ పూతలో పిసినారితనం లేదు, నీ నడకలో తొందర లేదు.

నువ్వు గోడకు వేలాడేదానివి కావు. నిలువునా చుట్టుకుని నిద్రపోయేదానివి. మూడడుగుల వెడల్పున, గజాల కొద్దీ పొడవున, రాత్రి దీపాల ఎదుట గడి వెంట గడిగా కళ్లు తెరిచేదానివి. ఒక గడి విప్పితే ఒక పాట, ఇంకో గడి విప్పితే ఇంకో యుద్ధం. పాడేవాడి కర్ర ఎక్కడ ఆగితే మా ఊపిరి అక్కడ ఆగింది. పటం పాడే కూనపులివారి గొంతులో నువ్వు పద్మశాలీల మార్కండేయ పురాణానివి. కాకిపడగలవారి చేతిలో ముదిరాజుల పాండవ కథవి. పటమోళ్ల పాటలో చాకలి వాడకు మడేల్ పురాణానివి, డక్కలివారి నోట మాదిగ గూడేనికి జాంబపురాణానివి. ఇన్ని కులాలు తమ పుట్టుకను నీలో వెతుక్కున్నాయి. ఇంతకంటే గొప్ప విమర్శకులు ఏ కొలువులో దొరుకుతారు? తమ మూలపురుషుడి మగ్గం తప్పుగా గీస్తే సాలెవాడు ఊరుకుంటాడా?

నీ పాతరూపం ఒకటి, 1625 నాటిది, సాలెల భావనారుషి కథ మోసే పటం, హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ సేకరణలో భద్రంగా ఉంది. దండం పెట్టాల్సిన రక్షణే అది. అయినా అద్దం వెనుక నువ్వు ఒక్కసారే మొత్తం కనబడితే, నాకు కొంచెం కొరత. పాట ఆగిపోయిన పటం గాలి ఆడని గుడిలాంటిది.

ఇప్పుడు నువ్వు చిన్నచిన్న చట్రాల్లోకీ, మాస్కుల్లోకీ, డ్రాయింగ్‌రూము గోడల మీదకీ వచ్చావు. చిత్రకారుడి పొయ్యి వెలగాలి, అందుకే అభ్యంతరం చెప్పను. కానీ కొనేవాళ్లు బుట్టపట్టుకున్న పల్లెపడుచును మాత్రమే చూసి, ముద్దుగా ఉందని ధర అడిగి వెళ్తుంటే నాకు కోపమొస్తుంది. ముద్దు నీ గుణం కాదు, పటమా. నీ గుణం ఉగ్రం, ఉల్లాసం, ఊరేగింపు. బజారు రంగులు చవగ్గా మెరిసినచోట నీ పాత రాతి రంగుల గాఢతను వెతుకుతాను, కుంచె తొందరపడ్డచోట తిట్టుకుంటాను. ప్రేమిస్తున్నానని కళ్లు మూసుకోలేను గదా.

నలిగి నలిగి, పాడి పాడి, అంచులు చిరిగి, కళ్లు వెలిసినప్పుడు నిన్ను మూలన పడేయరు. పూజ చేసి ఏటికి అప్పగిస్తారు. అంతలోనే చేర్యాలకు కబురు వెళుతుంది. మళ్లీ గంజి కాగుతుంది, మళ్లీ చింతగింజలు నలుగుతాయి, మళ్లీ బట్ట నిండా ఎరుపు పారుతుంది. తాళం, మద్దెల, చంకలో కొత్త చుట్ట! పిల్లలు ముందు వరసకు తోసుకుంటారు, వెనకనుంచి ఎవరో "ఆ గడి ఇంకాసేపు ఉంచు" అని కేకేస్తారు, నువ్వు విప్పుకుంటావు.