ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఇంటిగ్రేటర్: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

యాంప్లిఫైయర్ నిర్గమంలో మిగిలే అవాంఛిత ఏకముఖ వోల్టేజిని, అంటే ఆఫ్‌సెట్‌ను, తొలగించడానికి ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఇంటిగ్రేటర్‌ను అమర్చే పద్ధతికి డీసీ సర్వో అని పేరు. సంకేత మార్గంలో కెపాసిటర్ లేదు కనుక సంకేతం మారదనీ, ఆఫ్‌సెట్ మాత్రం సున్నా అవుతుందనీ దీనికి సాధారణంగా ఇచ్చే వివరణ. ఇందులోని రెండు భాగాలూ పరిశీలనకు నిలుస్తాయా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

సంకేతం మారదా?

ఇంటిగ్రేటర్ గెయిన్ పౌనఃపున్యం తగ్గేకొద్దీ పెరుగుతుంది. అది ఫీడ్‌బ్యాక్ మార్గంలో ఉన్నప్పుడు మొత్తం వలయం విలోమంగా ప్రవర్తించి, ప్రథమ క్రమ హై-పాస్ ఫిల్టర్ అవుతుంది. అంటే కెపాసిటర్ చోటు మారిందే తప్ప, దాని ప్రభావం పోలేదు. 1 మెగాఓమ్ నిరోధకం, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకుంటే కాల స్థిరాంకం 1 సెకను. ఇంటిగ్రేటర్ నిర్గమం నుంచి యాంప్లిఫైయర్ నిర్గమం వరకు గెయిన్ 1 అయితే కటాఫ్ 0.16 హెర్ట్జ్; ఆ గెయిన్ 20 అయితే 3.2 హెర్ట్జ్. రెండో సందర్భంలో 20 హెర్ట్జ్ సంకేతపు దశ దాదాపు 9 డిగ్రీలు ముందుకు జరుగుతుంది. ఈ గెయిన్‌ను విస్మరించి, నిరోధకం, కెపాసిటర్ విలువలతోనే కటాఫ్‌ను లెక్కించడం దోషం.

ఆఫ్‌సెట్ సున్నా అవుతుందా?

ఇంటిగ్రేటర్ తన సొంత దోషాన్ని గుర్తించలేదు. ఆ దోషమే నిర్గమానికి ప్రమాణమవుతుంది. గెయిన్ 20 గల యాంప్లిఫైయర్‌లో నివేశ ఆఫ్‌సెట్ 5 మిల్లీవోల్టులు అనుకుంటే, నిర్గమంలో 100 మిల్లీవోల్టులు ఉంటాయి. ప్రయోగశాలల్లో సుపరిచితమైన 741తో సర్వో నిర్మిస్తే, దాని బయాస్ ప్రవాహం (సాధారణంగా 80 నానోఆంపియర్లు) 1 మెగాఓమ్ గుండా వెళ్ళి నిర్గమాన్ని 80 మిల్లీవోల్టుల వద్ద నిలుపుతుంది. రెండో నివేశానికి సమాన నిరోధకం చేర్చినా, 20 నానోఆంపియర్ల ఆఫ్‌సెట్ ప్రవాహం వల్ల 20 మిల్లీవోల్టులు మిగులుతాయి. సర్వో లేకుండా, ఫీడ్‌బ్యాక్ విభాజకంలో భూమి వైపు నిరోధకానికి శ్రేణిలో కెపాసిటర్ పెట్టే పాత పద్ధతిలో ఏకముఖ గెయిన్ 1కి దిగి, నివేశ ఆఫ్‌సెట్ వల్ల 5 మిల్లీవోల్టులే మిగులుతాయి. జెఫెట్ నివేశం గల టీఎల్072 వాడితే బయాస్ సమస్య తొలగుతుంది; అప్పుడూ దాని సొంత ఆఫ్‌సెట్ అయిన కొన్ని మిల్లీవోల్టులు ఉంటాయి.

ముగింపు

సర్వో నిరర్థకమని దీని భావం కాదు. 1 కిలోఓమ్ నిరోధకంతో పాత పద్ధతిలో 0.16 హెర్ట్జ్ సాధించడానికి 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కావాలి. సర్వోకు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ చాలు. ఉష్ణోగ్రతతో మెల్లగా మారే యాంప్లిఫైయర్ ఆఫ్‌సెట్‌ను కూడా అది సరిచేస్తూ పోతుంది. దాని అసలు ప్రయోజనాలు ఇవి. ఇంటిగ్రేటర్‌ను ఒక అధ్యాయంలోనూ ఫీడ్‌బ్యాక్‌ను మరొక అధ్యాయంలోనూ విడివిడిగా బోధించినంత కాలం ఈ తేడా విద్యార్థికి అందదు. సర్వో ఉన్నప్పుడు, లేనప్పుడు నిర్గమ వోల్టేజిని కొలిపించి, వచ్చిన తేడాకు కారణం చెప్పించే ఒక్క ప్రయోగం ఈ లోటును తీర్చగలదు.