మెడలో గడ్డ, ముందు నోట్లో చూపు

మెడలో గడ్డతో ఎవరొచ్చినా ముందు నోరు తెరవమంటాను. "గడ్డ ఇక్కడుంటే నోట్లో చూస్తారేంటండీ?" అంటారు. నలభై దాటినవాళ్ళ మెడలో నొప్పి లేకుండా గట్టిగా తగిలే బిళ్ళకు మూలం చాలాసార్లు నాలుక మొదట్లోనో, టాన్సిల్‌లోనో, స్వరపేటికలోనో ఉంటుంది. గుట్కా, చుట్ట అలవాటుంటే క్యాన్సర్‌ను మరీ అనుమానించాలి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకైతే టార్చి వేసి అంగిలి కూడా చూడాల్సిందే.

ఆ తర్వాతే గడ్డ మీద చెయ్యి వేస్తాను. గొంతు నడుమ ఉన్న గడ్డ నాలుక బయటికి చాపగానే పైకి జరిగిందంటే అది బహుశా థైరోగ్లాసల్ సిస్ట్. పిండదశలో థైరాయిడ్ నాలుక మొదటి నుంచి కిందికి దిగిన దారి పూడిపోక మిగిలితే వచ్చేది. గడ్డ ఒక్కటే తీస్తే మళ్ళీ వస్తుంది. హయాయిడ్ ఎముక నడిమి ముక్కతో సహా తీయాలని అమెరికా సర్జన్ సిస్ట్రంక్ 1920లోనే రాశాడు. తీసేముందు థైరాయిడ్ తన చోట ఉందో లేదో అల్ట్రాసౌండ్‌లో చూసుకోవాలి. ఒక్కోసారి ఒంట్లో ఉన్న థైరాయిడ్ అంతా ఆ గడ్డే!

నన్ను బాగా ఆపేది దవడ కింద నున్నగా, నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగే గడ్డ. వేళ్ళతో పట్టి కదిపితే పక్కలకు కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. కాసేపు వేలు అలాగే ఉంచితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట పుట్టే కణితి అది. స్కాన్‌లో ఆ రెండు పాయలూ ఎడంగా జరిగి కనిపిస్తాయి. అరుదైనదే. కానీ మామూలు బిళ్ళ అనుకుని ముక్క తీయబోతే రక్తాన్ని ఆపడం కష్టం. నాడి కొట్టుకునే గడ్డకు సూది పెట్టాలన్నా ముందు స్కాన్ కావాలి.

మన దగ్గర మెడ బిళ్ళలనగానే క్షయ గుర్తొస్తుంది. పెద్దలు గండమాల అన్నది చాలావరకు అదే. అయితే "క్షయే అయ్యుంటుంది" అని పరీక్ష లేకుండా మందులు మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను. లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమా కూడా అలాగే బిళ్ళలుగా వస్తుంది. నెలలు అక్కడే పోతాయి.

మూడు వారాలైనా తగ్గని గడ్డకు పసర్లు, వాతలు వద్దు. నేరుగా కోసి చూద్దామని ఎవరైనా అంటే, "గొంతు లోపల చూశారా? స్కాన్, సూది పరీక్ష అయ్యాయా?" అని దయచేసి అడగండి.